మీ ఇల్లు మీకు ఏ సినిమాలో, ఏ పుస్తకంలో కనబడింది?

మిద్దెమీద పడక (కర్నూలు)

పోయిన ఆదివారం మధ్యాహ్నం టీవీలో సమరసింహారెడ్డి వేసినారు. 1999లో వచ్చిన సినిమా, ఎన్నిసార్లు వేసినా మా ఇంట్లో మగవాళ్ళు కుర్చీలోంచి లేవరు. బెంగళూరులో పెరుగుతున్న మనవరాలు సెలవులకు వచ్చిందిలే, అది కూడా పక్కన కూచుని చూసింది. చూసి చూసి, "అవ్వా, ఇది మన సీమ కథే అంటివి గదా, మరి మనింట్లో ఇన్ని మెట్లు ఎందుకు లేవు?" అని అడిగింది.

అందరం నవ్వినాం గానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఆలోచిస్తే నిజమే. సినిమావాళ్ళ దగ్గర సీమకంతా ఒకటే ఇల్లుంది. తెల్ల స్తంభాలు, నడిమింట్లో రెండు పక్కలనుంచీ దిగే మెట్లు, గోడకు కత్తులు, వాకిట్లో సుమోలు. అంతమంది జనం పొద్దస్తమానం ఆ ఇంట్లో ఉంటారా, వాళ్ళకు నీళ్ళు ఎవరు పట్టినారో తెలీదు. కొళాయి ఎన్నింటికి వస్తుందన్న దిగులు ఒక్కరి మొహంలోనూ ఉండదు.

మాది నాపరాళ్ళు పరిచిన మూడు గదుల మిద్దె. గోడల్లో గూళ్ళు, ఒక గూట్లో దేవుడు, ఒక గూట్లో మందులు, మిగతావాటిల్లో పుస్తకాలు. స్నానాల గది పక్కన నీలం డ్రమ్ములు. మే నెల వస్తే రాత్రికి మిద్దె మీద నీళ్ళు చల్లి చాపలు వేసుకోవడం. ఇట్లాంటి ఇల్లు నాకు ఏ పెద్ద సినిమాలోనూ తగల్లేదు. పుస్తకాల్లో ఒకటి రెండు చోట్ల తగిలింది, అది తర్వాత చెబుతాను. మీకెవరికైనా మీ ఇల్లు యాడన్నా కనబడిందా? సినిమా అయినా సరే, కథ అయినా సరే.


పాతబస్టాండు (కడప)

అక్కా, కోప్పడకుండా వినండి. ఇల్లు చూసేదానికి టికెట్ ఎందుకు కొనాల? ఇల్లు ఊరికే కనబడతానే ఉంటుంది గదా!

మా చిన్నప్పుడు ఊరి బయట డేరా హాలు ఉండేది. చీకటి పడేముందు మైకులో ఘంటసాల "నమో వెంకటేశా" రికార్డు వేస్తారు. అది వినబడిందంటే ఇంట్లో ఎవరి మాటా ఎవరికీ వినబడదు. మా అమ్మ పొయ్యి మీది చట్టి దించేసి, పిల్లోళ్ళని రెక్క పట్టుకుని బయల్దేరేది. నేల టికెట్టు. ముందు కూచున్నోని తల అడ్డమొస్తే ఇసక కుప్పజేసుకుని దాని మీద కూచోవడం. ఒకటే మిషను కాబట్టి రీలు మార్చినప్పుడల్లా లైట్లు వేసేవాళ్ళు. ఆ వెలుతుర్లో మళ్ళా మా ఊరి జనమే, అవే మొహాలు. అబ్బ, తొందరగా ఆర్పండిరా అని అరిచేవాళ్ళం.

ఆ రెండున్నర గంటలు మా అమ్మకు పొయ్యి లేదు, బిందె లేదు, అత్త లేదు. తెర మీద కూడా నాపరాళ్ళ ఇల్లు, నీళ్ళ డ్రమ్ము చూపిస్తే ఆమె ఇంటి నుంచి వచ్చి మళ్ళా ఇంట్లోకే పోయినట్టు గదా. మెట్లుండే ఇల్లు చూపిస్తేనే న్యాయం అంటాను నేను. కత్తులు వద్దంటే సరే, ఒప్పుకుంటా.


పెన్నేటి గాలి (అనంతపురం)

ప్రశ్న బాగుంది తల్లీ. నేను పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని, కాస్త పొడుగ్గా చెబుతా, ఓర్చుకోండి.

తెలుగు సినిమాకు పునాది వేసినవాళ్ళలో ముగ్గురు మన సీమవాళ్ళే. బి.ఎన్.రెడ్డి, ఆయన తమ్ముడు నాగిరెడ్డి కడప జిల్లావాళ్ళు. కె.వి.రెడ్డి మా తాడిపత్రి. 1951 ఒక్క సంవత్సరంలోనే అన్నగారి వాహినీ నుంచి మల్లీశ్వరి, తమ్మునిగారి విజయా నుంచి కె.వి.రెడ్డి తీసిన పాతాళభైరవి వచ్చినాయి. 1957లో మాయాబజార్. అన్నదమ్ములిద్దరికీ ఫాల్కే అవార్డు దక్కింది, అన్నకు 1974ది, తమ్మునికి 1986ది. ఇంత చేసినవాళ్ళు తెర మీద మనకు చూపింది రాయలవారి కాలం, ఉజ్జయిని, ద్వారక. నిందగా చెప్పడం లేదు. మద్రాసులో ఫ్లోరు వేసుకుని కూచున్నవానికి పెన్న ఒడ్డు ఎందుకు గుర్తురావాల? ఎండిన ఏరు చూడడానికి బెజవాడలో ఎవరొస్తారు?

బి.ఎన్.రెడ్డి బంగారుపాపకు మూలం జార్జ్ ఇలియట్ నవల సైలస్ మార్నర్. ఇంగ్లండు పల్లెలో ఒక ఒంటరి నేతగాడి కథ అది. ఆ నేతగాడు సముద్రం దాటి మద్రాసు చేరినాడు. ధర్మవరం నేతగానికి మాత్రం మద్రాసు రైలు దొరకలేదు.

ఊరు విడిచి పోయినవాళ్ళు సినిమా తీసినారు, ఊరిని విడవలేనివాళ్ళు రాసినారు. విద్వాన్ విశ్వం కూడా మద్రాసులో వారపత్రిక నడిపినవాడే, కానీ మనసు సొంతూరు తరిమెలలో పెట్టి పోయినాడు. ఆయన కావ్యం పెన్నేటి పాటలో రంగన్న, గంగమ్మల గుడిసె ఉంది చూడండి, అది నేను చిన్నప్పుడు మా పొలం దారిలో చూసిన గుడిసే. ఆ తర్వాత కేతు విశ్వనాథరెడ్డి కథలు. 1996లో సాహిత్య అకాడెమీ వచ్చింది వాటికే. ఆయన పరిశోధన చేసింది కడప జిల్లా ఊర్ల పేర్ల మీద. ఊర్ల పేర్లన్నీ ఏరుకున్న మనిషి ఇళ్ళలోకి తొంగిచూడకుండా ఉంటాడా? 2019లో అదే అవార్డు తెచ్చుకున్న బండి నారాయణస్వామి నవల శప్తభూమి మా అనంతపురాన్ని ఏలిన హండె పాలెగాళ్ళ కాలం నాటిది. అందులో కూడా పాలెగాని కోట కంటే బయట బతికేవాళ్ళే నాకు ఎక్కువ గుర్తున్నారు.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)

మా ఇల్లు కొండారెడ్డి బురుజుకు కూతవేటు దూరం. 2003లో ఒక్కడు వచ్చినప్పుడు సందులో పిల్లలందరం మా సందు కనబడుతుందని పోయి చూసినాం. బురుజు కనబడింది, మహేష్ బాబు కనబడినాడు. మా సందు మొదట్లో ఉండే బజ్జీల బండి కూడా కనబడలేదు. అయినా ఈలలు వేసి గొంతు పోగొట్టుకున్నాం.


సగం బెంగళూరు (ప్రొద్దుటూరు)

పాతబస్టాండు అన్న మాట ఆయన కాలానికి సరే. మా కాలంలో నష్టం జరిగిందన్నా. నరసింహనాయుడు, ఆది, ఇంద్ర వరసగా వచ్చిన ఏళ్ళలో పెరిగినోళ్ళం మేము. హైదరాబాదులో చదివేటప్పుడు ఇల్లు అద్దెకు అడగడానికి పోతే ఓనరు యాడోళ్ళు మీరు అన్నాడు. ప్రొద్దుటూరు అన్నాం. ఫోను వస్తుంది, చెబుతాలే అన్నాడు. ఇంతవరకు రాలేదు. తమాషాకే అయినా "బాంబులు చుట్టేది నీకు వచ్చా" అని అడిగినవాళ్ళు ఎంతమందో. మా నాయన నూనె మిల్లులో లెక్కలు రాసే మనిషి, బల్లి మీద పడితేనే ఉలిక్కిపడతాడు.

2018లో వచ్చిన అరవింద సమేత కొంచెం నయం, పెంచల్ దాస్ రాసిన రెడ్డమ్మ తల్లి పాట వస్తే మా అమ్మ ఏడ్చింది. అయినా అదీ ఆ పెద్దింటి కథే గదా. విశాఖ వాళ్ళకు కేరాఫ్ కంచరపాలెం సినిమా వచ్చింది. తెలంగాణకు 2023లో బలగం వచ్చింది, ఊర్లలో తెరలు కట్టి మరీ చూసినారు. చావింట్లో ఎవరు యాడ కూచుంటారో, ముక్క కోసం ఎట్లా అలుగుతారో అదంతా ఉంది దాంట్లో. మన ఇంట్లో చావులు లేవా, అలకలు లేవా? మనకెప్పుడు?


మగ్గం గుంత (ధర్మవరం)

పెన్నేటి గాలి సార్, మీరు చెప్పిన ఆ రైలు దొరకని నేతగాని మనవణ్ణి నేనే అనుకోండి.

మా ఇంట్లో సినిమా చూడటం కంటే వినటం ఎక్కువ. ముందు గదిలో సగం మగ్గమే. గుంతలోకి కాళ్ళు దించి మా నాయన కూచుంటే మధ్యాహ్నం బువ్వకు తప్ప లేచేది లేదు. చేతులూ కాళ్ళూ కండ్లూ మూడూ పనిలోనే, ఖాళీగా ఉండేది చెవులు మాత్రమే. అందుకని రేడియో. సంక్షిప్త శబ్దచిత్రం అని వేసేవాళ్ళు, సినిమా మొత్తాన్ని కుదించి మాటలూ పాటలూ వినిపించేవాళ్ళు. తెర మీద జరిగేది మధ్యమధ్యలో ఒకాయన చెప్పేవాడు.

చిక్కు ఏమంటే, మగ్గం పలక దెబ్బకు మాటలు సగం వినబడేవి కావు. మా అమ్మ పక్కన కండెలు చుడుతూ "ఒక్క నిమిషం ఆపు, ఏమందో విననీ" అని అరిచేది. మా నాయన మాటలకు ఆపేవాడు కాదు. పాటకైతే ఆపేవాడు. ఎవరూ అడగకుండానే నూలు అటూ ఇటూ తీసుకుపోయే నాడె చేతిలో పట్టుకుని అట్లా కూచుండిపోయేవాడు. మల్లీశ్వరి అట్లానే విన్నాం. సాలూరి రాజేశ్వరరావు సంగీతం, కృష్ణశాస్త్రి మాటలు అని పేర్లు చదివేటప్పుడు మా నాయన పలక కొట్టడం ఆపి తల ఊపేవాడు, వాళ్ళేదో మా వీధిలో ఉన్నట్టు.

తర్వాత చాలా ఏళ్ళకు టీవీలో చూసినాను. భానుమతిని చూసి కొంచెం కష్టమైంది నాకు. నా మల్లి అప్పటికే మా మేనత్త మాదిరి ఉండేది. అక్క అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇదే. మా ఇల్లు సినిమాలో లేదు, సినిమానే మా ఇంట్లోకి వచ్చి మా మనుషుల మొహాలు తగిలించుకుంది.


పాతబస్టాండు (కడప)

మగ్గం గుంత, నీ మాట చదివినాక నాదే ఉప్పు తక్కువైనట్టుంది.


మిద్దెమీద పడక (కర్నూలు)

తర్వాత చెబుతానన్నాను గదా. నాకు ఇల్లు కనబడిన పుస్తకం ఏ అంగట్లోనూ దొరకదు. మా అమ్మ కుట్టిన పుస్తకం.

1970ల్లో మా ఇంటికి వారపత్రిక వచ్చేది. ఇంటికంటే ఇంటికి కాదు, నాలుగిళ్ళకు కలిపి ఒకటి. కొన్నవాళ్ళు చదివి ఇస్తే రెండో ఇల్లు, అట్లా తిరిగి తిరిగి చివర మా ఇంటికి. చివరి ఇంటికొక లాభం ఉంది. ఇంక ఎవరికీ ఇవ్వనక్కర్లేదు కాబట్టి కత్తెర వేయొచ్చు. సీరియల్ పేజీలు మాత్రం కత్తిరించి దిండు కింద దాచేది. నవల అయిపోయినాక దబ్బనంతో బొక్కలు పొడిచి, పురికొసతో కుట్టి, పట్టుచీర వచ్చిన అట్టపెట్టెను కోసి అట్ట వేసేది.

దాన్ని చేతిలో పట్టుకుంటే రెండు కథలు వచ్చేవి. ముందు పక్క సీరియల్, వెనక పక్క ఎవరిదో కథ సగం, లేకపోతే సబ్బు ప్రకటన, వారఫలాలు. కొన్ని పేజీలకు పసుపు వేలిముద్రలు. ఒకచోట మధ్యలో అచ్చు పేజీ ఉండదు, గీతల కాగితం ఉంటుంది. ఆ వారం పత్రిక మా దాకా రాలేదు. మొదటింటి ఆమె చదివిన కథను పెరట్లో గిన్నెలు తోముతూ చెబితే, మా అమ్మ రాత్రికి కూచుని పెన్సిలుతో రాసి ఆ వారం స్థానంలో కుట్టేసింది. నవల రాసినామె శైలి వేరు, మా అమ్మ శైలి వేరు. "ఆమె అన్నం తినకుండా పడుకునింది, తినాల్సింది" అని రాసింది. ఆ "తినాల్సింది" రచయిత్రిది కానే కాదు!

పెన్నేటి గాలి సార్ చెప్పిన కథల్లో ఆడవాళ్ళు నీళ్ళు మోస్తారు, కూలికి పోతారు, నిజమే, గౌరవంగానే రాసినారు. కానీ ఆ ఆడమనిషి రాత్రి దీపం దగ్గర ఏం చదివిందో, యాడ నవ్విందో రాసినవాళ్ళు తక్కువ. దాని గురించి కూడా మాట్లాడండి సార్.

ఆ పుస్తకం ఇప్పుడు లేదు. 2009లో పోయింది. కర్నూలు వాళ్ళకు సంవత్సరం చెబితే చాలు.


హంద్రీ ఒడ్డు (కర్నూలు)

చాలు అక్కా. అక్టోబరు 2, వరద.

తుంగభద్ర ఒక పక్క, హంద్రి ఒక పక్క. మేము మిద్దె ఎక్కి కూచున్నాం, కింద ఏమేం తేలుతున్నాయో శబ్దాన్ని బట్టి చెప్పుకునేవాళ్ళం. ఇది బియ్యం డబ్బా, ఇది గ్యాస్ సిలిండరు అని. పుస్తకాలు శబ్దం చేయవు. నీళ్ళు తీసినాక చూస్తే చెక్క బీరువా తలుపు తెరుచుకోలేదు. లోపల పుస్తకాలు నీళ్ళు తాగి ఉబ్బి తలుపును బిగించేసినాయి. మా నాయన గడ్డపారతో తెరిచినాడు.

అప్పుడు తెలిసింది నాకు కాగితాల సంగతి. నున్నగా మెరిసే కాగితం, మనం ఖరీదైందని మురిసేది, ఒకదానికొకటి అతుక్కుని ఇటుకైపోయింది. విడదీస్తే బొమ్మ ఒక పేజీకి, మొహం ఒక పేజీకి. గరుకు కాగితం మాత్రం నిలబడింది. చందమామలకు అట్టలు పోయినాయి, లోపలి కథలు మిగిలినాయి. ఒక్కో పేజీ మధ్య పాత న్యూస్‌పేపర్ ముక్క పెట్టి, పిండి, మళ్ళా మార్చి, మిద్దె మీద తాడు కట్టి ఆరేసినాం. చీరలూ పుస్తకాలూ పక్కపక్కనే. ఎండలో పెట్టొద్దు, నీడలో గాలికి ఆరనియ్యాల, లేకపోతే కాగితం పెళుసు బారుతుంది. ఆరినా బురద వాసన పోదు. నాకు ఇప్పటికీ విక్రమార్కుడు చెట్టు మీది శవాన్ని దింపినాడంటే ఆ వాసనే వస్తుంది.

చందమామ మొదలైంది 1947 జూలైలో. మా తాత దగ్గర నుంచి దాచినవి అవి. కొన్న ఖరీదుకు కాకుండా దాచిన ఖరీదుకు ఏడ్చినాం. పుస్తకాలు ఇప్పుడు పైగదిలో పెట్టినాం. కింద గదిలో టీవీ ఉంది. పోతే అది పోనీ.


చెనిక్కాయ చేను (కదిరి)

నేను పుస్తకాల మనిషిని కాదు. మా తమ్ముడు సింగమనేని నారాయణ గారి జూదం కథ తెచ్చి మా నాయనకు చదివి వినిపించినాడు. అనంతపురం జిల్లాలో చెనిక్కాయ పెట్టినోని బతుకు జూదమే గదా, వాన ఏడాదికి 550 మిల్లీమీటర్లని లెక్క చెబుతారు, అది కూడా పూతప్పుడు రాక కోతప్పుడు వస్తుంది. మా నాయన సగం విని లేచిపోయినాడు. "మన లెక్క మనకే చదివి చెబుతావేందిరా" అన్నాడు. కాబట్టి పాతబస్టాండు అన్న చెప్పింది నిజమే అనుకున్నా.

రాత్రి బువ్వ తినేటప్పుడు మళ్ళా ఆయనే, "ఆయప్ప చివరికి ఏమైనాడ్రా?" అని అడిగినాడు. మా తమ్ముడు చెప్పలేదు. కావాలంటే పొద్దున చదువుతా, కూచోవాల అన్నాడు. కూచున్నాడు.


సంగటి కట్టె (వేంపల్లె)

ఇంతసేపూ మగవాళ్ళు స్తంభాలూ మెట్లూ మాట్లాడుకుంటాండారు. వంటింటికి రాండి.

సినిమాలో సీమ అని చూపించాలంటే తట్టలో ఒక సంగటి ముద్ద, పక్కన నాటుకోడి. హీరో వస్తాడు, అమ్మ పెడుతుంది, ఆయప్ప తిని కంటనీళ్ళు పెట్టుకుంటాడు. ఆ ముద్ద యాడనుంచి వచ్చింది? నేను ఇన్నేండ్లలో ఒక్క సినిమాలో కూడా సంగటి కెలికేది చూడలేదు.

నూకలు మెత్తగా ఉడికినాక రాగిపిండి పైన కుప్పగా పోసి, కలపకుండా అట్లే వదిలేయాల. నడిమధ్య కట్టెతో ఒక బొక్క పొడిస్తే కింది నుంచి ఆవిరి ఎగదన్నుకుని వస్తుంది. మూతపెట్టి సన్నమంట మీద మగ్గనియ్యాల. పిండి వాసన మారుతుంది, అది ముక్కుకు తెలియాల, గడియారం చూస్తే వచ్చేది కాదు. ఆ తర్వాత దించి, చట్టిని కదలకుండా రెండు కాళ్ళతో ఒత్తిపట్టి, రెండు చేతులతో కట్టె పట్టుకుని కెలకాల. నడుము, భుజాలు, మోచేతులు అన్నీ పని చేయాల. ఒక్క గడ్డ మిగిలినా మా మామ తట్ట జరిపేసేవాడు. వేడి మీదే చేయి తడి చేసుకుని ముద్దలు చేయాల. పదిమంది ఇంట్లో ఇది రోజూ రెండుపూటలా. ఇప్పుడు కుక్కర్లో పెడతాండాంలే, ఆ మాట వేరే.

మా అత్త కెలుకుతా కెలుకుతా కథ చెప్పేది. కట్టె అడ్డం తిరిగినప్పుడు కథ ఆగేది, మళ్ళా కట్టె కదిలితే కథ కదిలేది. ఇల్లు చూపాలంటే అది చూపాల. మాయాబజార్‌లో పెండ్లి వంటలన్నీ చూపినారు, బాగుంది, అవి ఘటోత్కచుడు కూచుని ఖాళీ చేస్తాడు. తినేవాని మీద అంత గొప్ప పాట ఉంది. వండినవాళ్ళ మీద ఉందా?

అక్కా, మీ అమ్మ రాసిన "తినాల్సింది" చదివి నాకు కండ్లలో నీళ్ళు, నవ్వు రెండూ వచ్చినాయి.


పాతబస్టాండు (కడప)

సరే, ఓడిపోయినా అనుకోండి, పూర్తిగా కాదు. నాకూ ఒకటి ఉంది. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి కొండపొలం. 2019లో తానా బహుమతి వచ్చిన నవల, మన కడప జిల్లా రచయిత. కరువులో గొర్రెల్ని తోలుకుని నల్లమల మీదికి పోయే కథ. మా మామ ఆ పని చేసినోడే. నెలల తరబడి అడివిలో, సద్దిమూట, కట్టె, కుక్క. ఇంటికొస్తే మంచం మీద నిద్రపట్టదు ఆయనకు, వాకిట్లో గొర్రెల దొడ్డి పక్కనే పడుకుంటాడు. పెద్దపులి గురించి మాట్లాడేటప్పుడు దాని పేరు ఎత్తడు.

2021లో క్రిష్ సినిమా తీసినప్పుడు ఆయనను తీసుకుపోయినాను. అంతా చూసి బయటికొచ్చి ఒకటే మాట అన్నాడు: "గొర్రెలు మంచి మేతలో ఉండాయి. కరువులో గొర్రె అట్ల ఉండదు." కథ ఎట్లుంది మామా అంటే, "కథకేం, బాగుంది" అన్నాడు. నవల మాత్రం ఇంట్లో ఎవరో ఒకరు చదువుతా ఉంటే దూరంగా కూచుని వింటాడు. మధ్యలో "ఆ కనుమ అది కాదు, దాని పక్కది" అని దిద్దుతాడు.

ఇది ఇల్లు కాదు, అడివి అంటారేమో. ఆయనకు అదే ఇల్లు.


పెన్నేటి గాలి (అనంతపురం)

సంగటి కట్టె తల్లికి నమస్కారం. విశ్వం గారి గంగమ్మ కూడా పని చేసి బతికే మనిషే. అయితే ఇన్నేండ్లు నేను క్లాసులో ఆ కావ్యం చెప్పినప్పుడు కరువు గురించి గంటసేపు చెప్పేవాణ్ణి, గంగమ్మ చేతుల గురించి ఒక వాక్యం కూడా చెప్పినట్టు గుర్తు లేదు. మళ్ళా చదవాల.

మిద్దెమీద పడక గారు అడిగింది కూడా సబబే. ఆడవాళ్ళు ఏం చదివినారు, ఏం కుట్టి దాచుకున్నారు, ఇదంతా ఎక్కడా ఎక్కలేదు. కడపలో తెలుగు పుస్తకాలు సేకరించిన సి.పి.బ్రౌన్ దొర బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు పట్టుబట్టి గ్రంథాలయం నిలబెట్టినారు, తాళపత్రాలు కూడా పెట్టినారు దాంట్లో. మా మనవళ్ళ కాలానికైనా అట్లాంటి చోట ఒక బీరువా ఈ కుట్టిన పుస్తకాలకు ఇస్తే బాగుంటుంది. ఎవరింట్లోనైనా ఒకటి మిగిలి ఉంటే పాత పేపర్లవాడికి వేయొద్దు, ఇక్కడ చెప్పండి, ముందు ఫోటోలన్నా తీద్దాం.


మగ్గం గుంత (ధర్మవరం)

సార్, మా పిన్ని దగ్గర ఒకటి ఉండాల. జరీ డబ్బా అట్ట వేసింది. దీపావళికి పోయినప్పుడు అడుగుతా. ఇస్తుందని నమ్మకం లేదు, చూపిస్తుంది.


సగం బెంగళూరు (ప్రొద్దుటూరు)

ఈ వారాంతం ఇంటికొచ్చినా. సంగటి కట్టె అక్క రాసింది చదివి మా అమ్మ కెలుకుతుంటే ఫోన్లో తీద్దామని వంటింట్లోకి పోయినా. "ఆగు, చీర మార్చుకుని వస్తా" అని లోపలికి పోయింది. వచ్చేసరికి పట్టుచీర. పట్టుచీరలో సంగటి ఎవరు కెలుకుతారమ్మా అంటే, "సినిమాలో వాళ్ళు కట్టుకోరా?" అంది. నిజమే గదా, వాళ్ళు కట్టుకుంటారు.

బతిమాలి మళ్ళా పాత చీర కట్టించినా. ఈ లోపల సంగటి గట్టిపడింది. తిట్టింది నన్ను. ఆ తిట్లు మొత్తం రికార్డయినాయి, సంగటి ఒక్క ముక్క కూడా రాలేదు. మా నాయన అది చూసి, "ఇదే పెట్టు, ఇదే మనిల్లు" అంటాండాడు. మా అమ్మ ఒప్పుకోవడం లేదు. రేపు పొద్దున మళ్ళా తీస్తా, ఈసారి చెప్పకుండా.


సంగటి కట్టె (వేంపల్లె)

చెప్పకుండా తీసినావో, కట్టె నీ వీపు మీద ఉంటుంది నాయనా. అడిగి తీయి. అడిగితే ఒప్పుకుంటుంది, మొదట రెండుసార్లు వద్దంటుందంతే. ఇంకోమాట, ఫోను పొయ్యి పక్క పెట్టబాక, ఆవిరి కొడుతుంది. కిటికీ పక్క నిలబడు.


చెనిక్కాయ చేను (కదిరి)

మా నాయన ఇంకో పుస్తకం ఏమన్నా ఉందా అని అడుగుతాండాడు. పెన్నేటి పాట ఎవరి దగ్గరన్నా ఉంటే ఇస్తారా? చదివి తిరిగి ఇస్తా.


పెన్నేటి గాలి (అనంతపురం)

నా దగ్గర రెండు ప్రతులున్నాయి. ఒకటి ఇస్తా, బస్సులో పంపిస్తా. తిరిగి ఇస్తానన్నవాళ్ళ మాట నలభై ఏండ్లుగా వింటాండా కాబట్టి, లోపలి అట్ట మీద మీ నాయన చేత సంతకం చేయించి దాని ఫోటో పంపించు. ఆయన పూర్తిచేసినాక ఏమన్నాడో ఈడ రాయి, అది చాలు.